ఆదివారం రాత్రి గే క్లబ్బుకు అయిదుగురం వెళ్దామనుకుంటున్నాం: వెళ్ళవచ్చా?

ఉత్తరగాలి
గురువారం, రాత్రి 9:40

షికాగోలో ఉన్నవాళ్ళను, ఉండి వెళ్ళినవాళ్ళను అడుగుతున్నాను. నాకు హౌస్ సంగీతం (ఇక్కడే షికాగోలో పుట్టి, క్లబ్బుల్లో డీజేలు వేసే డాన్స్ సంగీతం) పిచ్చి. పట్టి మూడేళ్ళయింది. అంతకుముందు డాన్స్ అంటే పెళ్ళి ఊరేగింపులో చేతులెత్తడం వరకే తెలుసు. ఉండేది నేపర్‌విల్ అనే శివారు ఊళ్ళో కాబట్టి నగరంలోకి రావడమే ఒక యాత్ర.

క్లార్క్ వీధిలో మెట్రో అనే కచేరీ హాలు ఉంది. దాని కింద నేలమాళిగలో స్మార్ట్‌బార్ అనే క్లబ్బు. ఆదివారాలు అక్కడ 'క్వీన్' అనే రాత్రి జరుగుతుంది. డెరిక్ కార్టర్, మైకేల్ సెరాఫినీ లాంటివాళ్ళు రికార్డులు వేస్తారు. అది గే వాళ్ళ రాత్రి అని తెలిసిందే, అయినా అందరినీ రానిస్తారు. నేను రెండుసార్లు ఒంటరిగా వెళ్ళాను. రెండోసారి మంచినీళ్ళ కోసం బార్ దగ్గర నిలుచుంటే పక్కనున్న పెద్దాయన, చాలా మర్యాదగానే, "ఈమధ్య ఇక్కడ మీలాంటివాళ్ళు ఎక్కువవుతున్నారు" అన్నాడు. మీలాంటివాళ్ళు అంటే మన రంగువాళ్ళా, స్ట్రెయిట్ (గే కాని) వాళ్ళా అని అడగబోయి ఊరుకున్నాను. ఇల్లు చేరేదాకా అదే గుచ్చుకుంటూ వచ్చింది.

ఇప్పుడు ఆఫీసులో నలుగురు "మమ్మల్నీ తీసుకెళ్ళు" అని పట్టుకున్నారు. ఒక భార్యాభర్తల జంట, ఇద్దరు బ్రహ్మచారులు. నాతో అయిదుగురం, అందరం స్ట్రెయిట్, అందరం తెలుగు. వెళ్తే తప్పా? డబ్బు కట్టి వెళ్ళే చోటికి ఇలా అడిగి వెళ్ళాలా?

కొబ్బరిచెట్టు
గురువారం, రాత్రి 10:02

డబ్బు కట్టారు, లోపలికి రానిచ్చారు. ఇంకా ప్రశ్న ఏమిటి? ఉడిపి హోటల్లో కూర్చున్న మాంసాహారిని పక్కబల్ల ఆయన "మీలాంటివాళ్ళు ఎక్కువయ్యారు" అంటే మనం ఊరుకుంటామా? స్వలింగ సంపర్కులు ఇన్నేళ్ళు అడిగింది అందరితో సమానంగా చూడమనే కదా. సమానం అయ్యాక మళ్ళీ వేరే గది ఎందుకో నాకు అర్థం కాదు. నాకు ఎవరిమీదా ద్వేషం లేదు, ముందే చెబుతున్నాను.

మిరపతోట
గురువారం, రాత్రి 10:15

ఉడిపి హోటల్‌కు మాంసాహారి వెళ్తే గొడవ లేదు కొబ్బరిచెట్టు గారూ. వెళ్ళి కూర్చుని చికెన్ బిర్యానీ ఎందుకు లేదని అడిగితేనే గొడవ.

పాతఅట్ట
గురువారం, రాత్రి 11:48

అడగాల్సిన ప్రశ్నే ఉత్తరగాలి గారూ. ఈ నగరంలో ఆ ప్రశ్న వయసు మీ వయసుకంటే ఎక్కువ. నేను వచ్చింది 1994లో, అప్పటికే పాతబడిపోయింది.

1977లో దక్షిణ జెఫర్సన్ వీధి 206 నంబరు భవనంలో రాబర్ట్ విలియమ్స్ అనే న్యూయార్క్ మనిషి ఒక క్లబ్బు తెరిచాడు. జనం దాన్ని వేర్‌హౌస్ అన్నారు, అంటే గిడ్డంగి. రికార్డులు వేయడానికి న్యూయార్క్ నుంచే ఫ్రాంకీ నకుల్స్‌ను రప్పించాడు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి గే యువకులు, తర్వాత లాటినోలు. శనివారం అర్ధరాత్రి మొదలైతే ఆదివారం పొద్దెక్కేదాకా. మద్యం అమ్మేవారు కాదు, పళ్ళరసాలు మాత్రమే. మద్యం లేకుండా తెల్లవార్లూ జాగారం, మన శివరాత్రిలాగా అని రాయబోయి, శివరాత్రికి అంత చెమట పట్టదు కదా అని ఆగాను. (వేరే మత్తులు ఉండేవి. దాచిపెట్టి లాభం లేదు.)

అసలు ఆ గిడ్డంగి ఎందుకు అవసరమైంది? నగరానికి ఉత్తరాన గే బార్లు ఉండేవి. అయితే అవి తెల్లవారి బార్లు. నల్లవాడు గుమ్మంలోకి వస్తే రెండు మూడు గుర్తింపు కార్డులు అడిగి వెనక్కు పంపడం మామూలు. సొంత పేటలో గే అని తెలిస్తే ఇంకో రకం వెలి. అటూ ఇటూ తలుపులు మూసుకుపోయినవాళ్ళు తమకంటూ ఒక తలుపు పెట్టుకున్నారు.

బయట గాలి ఎలా ఉండేదో చెప్పాలంటే 1979 జూలై 12 చాలు. కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానానికి ఒక డిస్కో రికార్డు (నల్లవాళ్ళ, గే వాళ్ళ క్లబ్బుల్లో పెరిగిన సంగీతం అది) పట్టుకొస్తే టికెట్ 98 సెంట్లే. రెండు ఆటల మధ్య విరామంలో స్టీవ్ డాల్ అనే రేడియో మనిషి ఆ రికార్డుల గుట్టను పేల్చేశాడు. జనం మైదానంలోకి దూకారు, రెండో ఆట జరగనేలేదు. అక్కడ ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు ఉన్నాడు. జనం తెచ్చినవాటిలో డిస్కోకు ఏ సంబంధమూ లేని నల్లజాతి గాయకుల రికార్డులు చాలా ఉన్నాయని తర్వాత చెప్పాడు. అయిదేళ్ళు తిరిగేసరికి, 1984లో, అతను జెస్సీ సాండర్స్‌తో కలిసి చేసిన రికార్డునే తొలి హౌస్ రికార్డుల్లో ఒకటిగా లెక్కపెడతారు. నా దగ్గర దాని ప్రతి ఉంది, అట్ట చినిగింది, అమ్మను.

ఇప్పుడు కలయిక సంగతి. వేర్‌హౌస్ పేరు పాకేకొద్దీ స్ట్రెయిట్ కుర్రాళ్ళూ వచ్చారు. ఒక రికార్డుల దుకాణంలో "వేర్‌హౌస్‌లో వేసేవి ఉన్నాయా" అని అడిగేవాళ్ళు పెరిగి, ఆ మాట అరగి 'హౌస్'గా మిగిలిందని ఎక్కువమంది చెప్పే కథ. మెండల్ కాథలిక్ హైస్కూల్లో పిల్లలు దానికి ఆడారు. 1981 నుంచి డబ్ల్యూబీఎంఎక్స్ రేడియోలో హాట్ మిక్స్ ఫైవ్ అనే అయిదుగురు దాన్ని ఇళ్ళలోకి తెచ్చారు. 1982 చివర ఫ్రాంకీ వేర్‌హౌస్ వదిలేసి పవర్ ప్లాంట్ అనే సొంత క్లబ్బు పెట్టుకున్నాడు. టికెట్ ధర పెంచారనీ చెబుతారు, వచ్చే గుంపు మారిందనీ చెబుతారు. విలియమ్స్ మాత్రం రాన్ హార్డీ అనే డీజేను పెట్టుకుని మ్యూజిక్ బాక్స్ అనే క్లబ్బు నడిపాడు. అక్కడ గే, స్ట్రెయిట్ కలిసే ఆడారు. తపాలా ఆఫీసులో పనిచేసే మార్షల్ జెఫర్సన్ హార్డీని విన్నాకే ఈ దారి పట్టాడు. డీజే పియర్ బృందం చేసిన 'యాసిడ్' రికార్డును హార్డీ మొదటిసారి వేసినప్పుడు జనం నేల ఖాళీ చేశారట. పట్టు వదలకుండా అదే రాత్రి నాలుగోసారి వేసేసరికి వెర్రెత్తిపోయారట.

కలవకపోతే ఈ సంగీతం జెఫర్సన్ వీధి దాటేది కాదు. కలిశాక ఫ్రాంకీ సామాను సర్దుకున్నాడు. ఏది ఎక్కువ బరువో నేను ముప్పై ఏళ్ళుగా తూస్తూనే ఉన్నాను.

సగంచంద్రుడు
శుక్రవారం, ఉదయం 6:20

పాతఅట్ట గారు వీధి చరిత్ర చెప్పారు. నేను ఆ చీకటి మూల చరిత్ర చెబుతాను.

నేను గే. నలభై ఆరేళ్ళు. కృష్ణా జిల్లా. ఇక్కడికి 2001లో వచ్చాను. ఆఫీసులో తెలుసు. అమ్మకు తెలియదు. ఇక్కడి తెలుగువాళ్ళలో కొందరికి తెలియదు, కొందరు తెలిసీ తెలియనట్టు ఉంటారు. సంక్రాంతి కార్యక్రమానికి పులిహోర మాత్రం ఏటా నా చేతే కలిపిస్తారు.

ఉత్తరగాలి గారూ, స్ట్రెయిట్ వాళ్ళు వందమంది వచ్చినా నాకు పట్టదు. వాళ్ళు నన్ను చూడరు, నేను వాళ్ళను చూడను, కింద స్పీకర్లు అందరి గుండెనూ ఒకే లెక్కన కొడతాయి. కాని వెనకనుంచి ఎవరో "ఒరేయ్, నీళ్ళు తీసుకురా" అంటే చాలు, ఆ మూడు మాటలకే నా కాళ్ళు ఆగిపోతాయి. చొక్కా గుండీలు పెట్టుకుంటాను. ముఖం సంఘం ముఖం అవుతుంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు కదా. మా పిన్ని అల్లుడిది కావచ్చు. ఏ ఇద్దరు తెలుగువాళ్ళ మధ్యనైనా దూరం మూడు ప్రశ్నలే: ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి, ఎవరి తాలూకు.

ఒక ఏడాది ఎవరిదో పుట్టినరోజు గుంపు వచ్చింది. వాళ్ళు తీసుకున్న వీడియోలో వెనకాల నేను ఉన్నాను. అది ఎవరి ఫోనునుంచి ఎవరి ఫోనుకు పాకిందో, పదో రోజున మా తమ్ముడు పిలిచి "అన్నయ్యా, ఎక్కడికి వెళ్ళావు, ఆ చొక్కా ఏమిటి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదు. నెమలికంఠం రంగు, పట్టు కలిసిన బట్ట. ఇప్పటికీ బీరువాలో ఉంది.

మీతో ఆ మాట అన్న పెద్దాయన ఎవరో నాకు తెలియదు. ఆయన ఏ ఉద్దేశంతో అన్నాడో కూడా తెలియదు. నేను మాత్రం రావద్దని అనను. అయిదుగురు ఒక గుంపుగా రావద్దంటాను.

ఇంకొకటి. స్వలింగ సంపర్కులు అనే మాట చదివితే నాకు ఎఫ్‌ఐఆర్ చదివినట్టు ఉంటుంది. గే అనండి, రెండక్షరాలు కూడా లేవు.

ఉత్తరగాలి
శుక్రవారం, ఉదయం 8:55

సగంచంద్రుడు గారూ, రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. మేము ఫోటోలు పంపే రకం కాదు, ఎవరి ఇంటిపేరూ అడగం. రెండోసారి చదివాక అర్థమైంది, మేము ఎలాంటివాళ్ళమో మీకు తెలిసే వీలు ఆ చీకట్లో లేదని. మా గొంతులే మీకు వినిపిస్తాయి.

నేను రెండుసార్లు ఒంటరిగా వెళ్ళినప్పుడు అక్కడ తెలుగులో మాట్లాడలేదు. మాట్లాడటానికి ఎవరూ లేరు. ఈ కోణం తట్టనేలేదు.

నిర్వాహకులు
శుక్రవారం, ఉదయం 9:10

చర్చ బాగుంది, ఇలాగే సాగనివ్వండి. ఎవరు ఎవరో ఊహించే ప్రయత్నం చేయవద్దు. "కృష్ణా జిల్లా అన్నారు, ఫలానా ఆయనేనా" అని వచ్చిన ఒక వ్యాఖ్యను తొలగించాం.

సగంచంద్రుడు
శుక్రవారం, ఉదయం 9:14

చూశారా. మూడు గంటలు కూడా పట్టలేదు.

తూర్పువీధి
శుక్రవారం, ఉదయం 10:30

హైదరాబాద్ నుంచి. ఇక్కడ హౌస్ సంగీతం కోసమని నిలబడ్డ క్లబ్బు సంస్కృతి అంటూ పెద్దగా లేదు, ఉన్నది గుమ్మం సంస్కృతి. చాలా పబ్బుల దగ్గర ఒంటరి మగవాళ్ళను రానివ్వరు, జంటగా వస్తేనే ప్రవేశం. జంట అంటే ఒక ఆడ, ఒక మగ. 2018 సెప్టెంబరు 6న గే సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది, బౌన్సర్‌కు ఇంకా అందినట్టు లేదు.

జూబ్లీహిల్స్‌లో ఒక పబ్బు దగ్గర జరిగింది చెబుతాను. మేము నలుగురం: నేనూ, నా సహచరీ, ఇద్దరు మగ స్నేహితులూ. ఆ ఇద్దరూ ఒక జంట, మేమిద్దరం ఒక జంట. గుమ్మం దగ్గర బౌన్సర్ కళ్ళకు మాత్రం రెండు వేరే జంటలు కనిపించాయి. ఏమీ అనకుండా మా చేతులు మార్చి పట్టుకుని లోపలికి వెళ్ళాం. లోపల మళ్ళీ మార్చుకున్నాం. ఇంకో రోజు మేమిద్దరమే వెళ్తే ఆడవాళ్ళ రాత్రి అని ఉచితంగా పంపారు. మమ్మల్ని ఉచితంగా పంపింది ఎవరికోసమో లోపలికి వెళ్ళిన పది నిమిషాలకు తెలిసింది. అడగకుండానే మా బల్లమీదికి రెండు గ్లాసులు వచ్చాయి, వెనకాలే పంపినాయనా వచ్చాడు.

కొబ్బరిచెట్టు గారు వేరే గది ఎందుకని అడిగారు. ఆ బల్ల దగ్గర ఒక పావుగంట కూర్చుంటే చాలండి.

అన్నట్టు, మీరందరూ గే క్లబ్బు అంటే మగవాళ్ళ సంగతే రాస్తున్నారు. ఆడవాళ్ళం ఆ కథలో ఎప్పుడూ గోడవారగానే ఉంటాం.

మిరపతోట
శుక్రవారం, మధ్యాహ్నం 12:40

తూర్పువీధి గారు చెప్పినదానికి నావైపు కథ కలుపుతాను. నేను స్ట్రెయిట్. షికాగోలో చదువుకునే రోజుల్లో మొదటిసారి గే క్లబ్బుకు వెళ్ళినప్పుడు గంట గడిచాక గమనించాను: ఇంతవరకూ ఎవరి చెయ్యీ నా నడుము మీద పడలేదు. అంతకుముందు డాన్స్ చేసేటప్పుడు సగం బుర్ర కాపలాకే పోయేది. ఆ రాత్రి మొదటిసారి పాట పూర్తిగా విన్నాను. కాబట్టి స్ట్రెయిట్ ఆడవాళ్ళు అక్కడికి ఎందుకు వెళ్తారో నన్ను అడగండి, చెబుతాను.

ఇప్పుడు నా తప్పు. 2011లో స్నేహితురాలి పెళ్ళికి వారం ముందు పదిమంది ఆడవాళ్ళం హాల్‌స్టెడ్ వీధిలో గే బార్‌కు వెళ్ళాం. తలమీద ప్లాస్టిక్ కిరీటాలు, పెళ్ళికూతురికి అడ్డంగా రిబ్బను పట్టీ. కేకలు. డాన్స్ చేస్తున్నవాళ్ళను బొమ్మల్లా పక్కకు లాగి ఫోటోలు. అందులో ఒకరికైనా ఇష్టమా అని అడిగిన గుర్తు లేదు. ఆ వీధిలోనే ఒక బార్ 2009లో పెళ్ళికూతుళ్ళ పార్టీలను వద్దందని నాకు తర్వాత తెలిసింది. తాము చేసుకోలేని పెళ్ళిని తమ ముందే ఊరేగించడం ఏమిటన్నది వాళ్ళ మాట. ఇల్లినాయ్ రాష్ట్రమంతటా వాళ్ళ పెళ్ళిళ్ళకు చట్టం అమల్లోకి వచ్చింది 2014 జూన్ 1న. అంటే మేం కిరీటాలు పెట్టుకుని తిరిగిన రోజుకు మా చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరికీ అక్కడ పెళ్ళి హక్కు లేదు. ఆ ఫోటోలు ఇప్పుడు చూడబుద్ధి కాదు.

యారా_ఒడ్డు
శుక్రవారం, మధ్యాహ్నం 1:05

మెల్బోర్న్‌లో ఇది కోర్టుదాకా వెళ్ళింది. కాలింగ్‌వుడ్‌లో పీల్ హోటల్ అనే గే డాన్స్ బార్ ఉంది. 2007లో వాళ్ళు రాష్ట్ర ట్రిబ్యునల్‌ను అడిగి, సమాన అవకాశాల చట్టం నుంచి మినహాయింపు తెచ్చుకున్నారు: గే మగవాళ్ళకు ఇబ్బంది అనిపిస్తే స్ట్రెయిట్ వాళ్ళను, ఆడవాళ్ళ గుంపులను గుమ్మం దగ్గరే ఆపవచ్చని. మిరపతోట గారు చెప్పిన లాంటి పార్టీలే కారణం. జంతుప్రదర్శనశాలలో జంతువులను చూసినట్టు చూస్తున్నారన్నది వాదన. ప్రపంచమంతా వార్త అయింది. నాకు అప్పుడు అన్యాయమనిపించింది. ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను, ఎందుకంటే ఆపడానికి ముందు ఎవరు ఎవరో ఎలా కనిపెడతారు? నడక చూసా?

కొబ్బరిచెట్టు
శుక్రవారం, మధ్యాహ్నం 2:30

మాట విషయంలో సగంచంద్రుడు గారికి క్షమాపణ. పత్రికల్లో చదివిన మాట రాశాను, అవమానించాలని కాదు. ఇకమీదట రాయను.

వాదన మాత్రం వదలను. యారా_ఒడ్డు గారి ప్రశ్నే నాదీ. ఇల్లినాయ్‌లో 2006 నుంచి మానవహక్కుల చట్టం లైంగిక ధోరణిని బట్టి ఎవరినీ ఆపకూడదంటోంది, అందులో స్ట్రెయిట్ కూడా వస్తుంది. నల్లవాళ్ళను మూడు కార్డులు అడిగిన గుమ్మం చెడ్డదైతే, ఇంకొకరిని ముఖం చూసి ఆపే గుమ్మం మంచిది ఎలా అవుతుంది? గుమ్మం గుమ్మమే కదా.

పాతఅట్ట
శుక్రవారం, సాయంత్రం 6:15

మంచి ప్రశ్న. దానికి పాతవాళ్ళు ఒక ఉపాయం పట్టారు: మనుషులను కాకుండా రాత్రులను వేరుచేయడం. న్యూయార్క్‌లో కింగ్ వీధి 84 నంబరులో పారడైజ్ గరాజ్ అనే క్లబ్బు ఉండేది. లారీ లెవాన్ రికార్డులు వేసేవాడు, ఫ్రాంకీకి చిన్ననాటి స్నేహితుడు. శుక్రవారం కలగలుపు జనం, శనివారం గే వాళ్ళది. సభ్యత్వ కార్డు ఉండాలి, మద్యం లేదు. అదే స్పీకర్లు, అదే నేల, అదే డీజే. 1987లో మూతపడేదాకా అలాగే నడిచింది. అంతకుముందే అదే ఊళ్ళో డేవిడ్ మాన్కూసో అనే ఆయన 1970 నుంచి తన ఇంట్లోనే పిలుపుల మీద డాన్స్ విందులు చేసేవాడు. ఇంటికి పిలిస్తే వచ్చినవాడు గుమ్మం గురించి వాదించడు కదా, చెప్పులు విప్పి వస్తాడు.

జర్మనీలో, బెర్లిన్ నగరంలో బెర్గ్‌హైన్ అనే క్లబ్బుది ఇంకో దారి. మగవాళ్ళ గే రాత్రులనుంచి పుట్టిన చోటు అది. ఇప్పుడు అన్ని రకాలవాళ్ళూ వెళ్తారు, పైఅంతస్తులో హౌస్ వేస్తారు. గుమ్మం దగ్గర ఎవరిని ఎందుకు పంపుతారో ఎవరికీ అంతుపట్టదు. కాని లోపలికి వెళ్ళాక ఫోను కెమెరాకు స్టిక్కరు అంటిస్తారు. సగంచంద్రుడు గారి పట్టుచొక్కాకు కావలసింది ఆ స్టిక్కరే.

ఇప్పుడు అందరూ నామీద విరుచుకుపడే మాట. స్మార్ట్‌బార్ గే క్లబ్బు కాదు. 1982లో జో షానహాన్ తెరిచిన రోజునుంచీ అది అందరి క్లబ్బు. రిగ్లీ బేస్‌బాల్ మైదానానికి కూతవేటు దూరం. ఫ్రాంకీ అక్కడా వేశాడు. అంటే 'క్వీన్' రాత్రి ఆ ఇంట్లో ఆదివారపు అద్దెదారు. ఇంకోవైపు బెల్మాంట్ వీధిలో 1983 నుంచి నలభై ఏళ్ళు నడిచిన బెర్లిన్ అనే క్లబ్బు అన్ని రకాల జనాన్నీ కలుపుకునే బతికింది. 2023లో మూతపడింది. స్ట్రెయిట్ వాళ్ళు ఎక్కువై మూతపడలేదు, యాజమాన్యానికీ పనివాళ్ళకూ మధ్య తగాదాలో మూతపడింది.

సగంచంద్రుడు
శుక్రవారం, రాత్రి 8:50

విరుచుకుపడుతున్నాను, కాచుకోండి.

అద్దెదారు అన్నారు. ఎవరికి ఎవరు అద్దెకున్నారు అన్నా? ఆ స్పీకర్లలోంచి వచ్చేది ఎవరు కట్టిన ఇల్లు? ఫ్రాంకీ 2014 మార్చి 31న పోయాడు. రాన్ హార్డీ, లారీ లెవాన్ ఇద్దరూ 1992లోనే పోయారు. వేర్‌హౌస్ నేలమీద ఆడిన కుర్రాళ్ళలో ఎందరు ఎయిడ్స్‌తో పోయారో మీకు నాకంటే బాగా తెలుసు. 1980లలో హౌస్ లండన్‌కు, మాంచెస్టర్‌కు చేరి స్ట్రెయిట్ కుర్రాళ్ళ పండగ అయిన రోజుల్లోనే ఇక్కడ దాన్ని పుట్టించిన గదులు శవాలు మోశాయి. 'జనం మారారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సగం మారారు, సగం చచ్చిపోయారు.

కాబట్టి రాత్రులు పంచుకోవడం నాకూ ఇష్టమే. కాని శనివారం ఎవరిదో ముందు ఒప్పుకుని పంచుకోవాలి.

పాతఅట్ట
శుక్రవారం, రాత్రి 9:05

ఒప్పుకున్నాను. రాసింది దిద్దను, అలాగే ఉండనివ్వండి. మీ జవాబు దానికింద ఉండాలి.

తూర్పువీధి
శుక్రవారం, రాత్రి 9:30

వేర్‌హౌస్ భవనం ఇంకా ఉందా?

పాతఅట్ట
శుక్రవారం, రాత్రి 9:42

ఉంది. 2023లో నగరం దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. అంతకు చాలా ముందే, 2004లో, ఆ వీధి ముక్కకు ఫ్రాంకీ పేరు పెట్టారు. బోర్డు గోధుమరంగులో ఉంటుంది. చలికాలం వెళ్తే గాలికి కళ్ళలో నీళ్ళొస్తాయి, ఏడ్చారని ఎవరూ అనుకోరు.

ఉత్తరగాలి
సోమవారం, రాత్రి 7:30

వెళ్ళొచ్చాం. అయిదుగురం కాదు, ముగ్గురం: నేనూ, ఆ దంపతులూ. బ్రహ్మచారులిద్దరికీ ఈ చర్చ లంకె పంపాను. ఒకడు చదివి "మరోసారి వస్తాను" అన్నాడు. రెండోవాడు చదవకుండానే "డ్రాగ్ షో (మగవాళ్ళు ఆడవేషంలో చేసే ప్రదర్శన) చూపిస్తావా" అని అడిగాడు, వాడిని నేనే వద్దన్నాను.

లోపల ఫోను తీయవద్దని ముందే అనుకున్నాం. అయినా ఆవిడ అలవాటుకొద్దీ తీసింది. నేను చెప్పేలోపే పక్కన డాన్స్ చేస్తున్న మనిషి ఆవిడ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి తల అడ్డంగా ఊపింది, వెండిపూత కనురెప్పలు, నాకంటే అడుగు పొడవు. కోపం లేదు. ఆవిడ ఫోను లోపల పెట్టేసరికి చెయ్యి పట్టుకుని ఒక చుట్టు తిప్పి వదిలింది. అక్కడినుంచి ఆవిడ మూడు గంటలు కదలలేదు. వాళ్ళాయన గోడకు ఆనుకుని అందరి చలికోట్లూ మోశాడు, పాపం.

సగంచంద్రుడు గారూ, మీకొకటి చెప్పాలి. మెట్లు దిగుతూ మేము తెలుగులోనే మాట్లాడుకుంటున్నాం, చలికోట్లు అప్పగించే చోటికి వచ్చేదాకా గుర్తురాలేదు. అక్కడ వరుసలో ముందున్న ఒకాయన, మనవాళ్ళలాగే ఉన్నాడు, ఒక్కసారి వెనక్కు చూసి వరుసలోంచి తప్పుకుని పైకి వెళ్ళిపోయాడు. మళ్ళీ కనిపించలేదు. అది మీరేనేమోనని రాత్రంతా మనసు పీకింది. మీరైతే క్షమించండి.

సగంచంద్రుడు
సోమవారం, రాత్రి 8:02

నేను కాదు. ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను, గుళ్ళో కార్యక్రమానికి చింతపండు నానబెట్టుకుంటూ.

ఎలా ఉన్నాడు? వయసు ఎంత ఉంటుంది?

వద్దు, చెప్పకండి. నిర్వాహకులు తిడతారు.

ఉత్తరగాలి
సోమవారం, రాత్రి 8:06

చెప్పను. ఈసారి వెళ్తే మెట్లమీద నోరు మూసుకుంటాం.

సగంచంద్రుడు
సోమవారం, రాత్రి 8:31

మూసుకోవద్దు. ఇంతసేపూ దాన్నే ఆలోచిస్తున్నాను. మాట్లాడండి, కాని "ఏ ఊరు" దగ్గర ఆగిపోండి. నేను వచ్చే ఆదివారం వెళ్తున్నాను. ఆ వరుసలో కాసేపు నిలుచుంటాను. వీలైతే ఆ చొక్కాతో.

పాతఅట్ట
సోమవారం, రాత్రి 8:40

వచ్చే ఆదివారం రిగ్లీలో ఆట ఉందేమో చూసుకుని వెళ్ళండి. ఉంటే ఆడిసన్ స్టేషన్ దగ్గర రెడ్‌లైన్ రైల్లో కాలు పెట్టే చోటు ఉండదు, పట్టుచొక్కా నలిగిపోతుంది. రాత్రి తిరుగు ప్రయాణానికి భయం లేదు, ఆ లైను తెల్లవార్లూ నడుస్తుంది.